ఇన్‌టేక్‌లో కార్బన్ ఎక్కడినుంచి వస్తుంది? తుడిచే ముందు ఆ మసిని వేలితో తాకి చూడండి

మీ ఇంట్లో రెండు కార్లున్నాయని, నెల తిరగకుండా రెండింటికీ ఇద్దరు మెకానిక్‌లు ఒకే రోగం పేరు చెప్పారని రాశారు. మీ టర్బో పెట్రోల్ కారు కొని నాలుగేళ్లయింది, 38,000 కిలోమీటర్లు తిరిగింది, కొండాపూర్ నుంచి మాదాపూర్‌లోని ఆఫీసుకు రోజూ ఏడు కిలోమీటర్లు వెళ్లి వస్తుంది. ఉదయం స్టార్ట్ చేయగానే రెండు మూడు నిమిషాలు ఇంజిన్ వణుకుతోంది. వనస్థలిపురంలో మీ నాన్నగారు నడిపే 2015 నాటి డీజిల్ కారు 1,10,000 కిలోమీటర్లు దాటింది. పికప్ పడిపోయింది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోంది, స్కానర్‌లో పీ0401 అనే కోడ్ వచ్చింది. రెండుచోట్లా ఇన్‌టేక్ (ఇంజిన్ గాలి పీల్చే దారి) నిండా కార్బన్ పట్టిందని, బంకులో పోసే ఇంధనం బాగాలేకపోవడమే కారణమని చెప్పారట. అది నిజమేనా, ఈ కార్బన్ అసలు ఎక్కడినుంచి వస్తుంది, 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోల్‌కు ఇందులో పాత్ర ఉందా అని అడిగారు.

బాలానగర్, మూసాపేట ప్రాంతంలో ఇరవై ఆరేళ్లుగా ఇంజిన్లు విప్పి బిగిస్తున్న అనుభవంతో చెబుతున్నాను. కార్బన్ పట్టిందన్న మాట రెండు కార్ల విషయంలోనూ నిజమే అయ్యుండవచ్చు, కానీ నింద బంకు మీద వేయడం సరికాదు. ఇంజిన్ గాలి పీల్చే దారిలో పేరుకునే మసిలో అధిక భాగం బయటి గాలితో వచ్చింది కాదు, ట్యాంకులోని ఇంధనంతో నేరుగా వచ్చిందీ కాదు. ఇంజిన్ తాను విడిచిన దాన్నే రెండు పైపుల ద్వారా మళ్లీ తన ఊపిరిలోకి తీసుకుంటుంది, ఆ రెండు పైపులు తెచ్చినదే అక్కడ పేరుకుంటుంది. మొదటిది ఇంజిన్ అడుగున ఉండే క్రాంక్ కేసు నుంచి వచ్చే బ్రీదర్ పైపు, దీన్నే పీసీవీ అంటారు. రెండవది సైలెన్సర్ వైపు నుంచి కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి తెచ్చే ఈజీఆర్. మీ రెండు కార్లకూ రోగం పేరు ఒకటే అయినా, నా అంచనాలో మూలాలు వేరు, కాబట్టి మందులూ వేరు.

ఇన్‌టేక్ పైపు విప్పిన వెంటనే గుడ్డ పట్టుకుని తుడిచేయడం మా వృత్తిలో చాలామందికి ఉన్న అలవాటు. తుడిచే ముందు ఆ మసిని వేలితో తాకి చూడాలి, ఎందుకంటే కారణం అందులోనే తెలుస్తుంది. వేలికి నల్లగా, జిడ్డుగా, ఆయిల్ వాసనతో అంటుకుంటే అది బ్రీదర్ పైపు నుంచి వచ్చింది. పొడిగా, కాటుకలా రాలితే అది ఈజీఆర్ తెచ్చిన పొగమసి. ఈ రెండూ కలిసి తారులా ముద్దగా, మందంగా పట్టి ఉంటే పాత డీజిల్ కార్లలో సర్వసాధారణంగా కనిపించే స్థితి అది. ఇవేవీ కాకుండా వాల్వుల వెనుక భాగం మీద బొగ్గులా గట్టిగా మాడిపోయి, గోటితో గీసినా రానంత పెళుసుగా ఉంటే అది నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజిన్ల లక్షణం. మీ మెకానిక్‌లు ఈ నాలుగింటిలో ఏది చూశారో మీరు రాయలేదు. వారు మీకు చూపించి ఉంటారని కూడా నేను అనుకోవడం లేదు.

బ్రీదర్ పైపు సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఎక్కువ మంది నిర్లక్ష్యం చేసేది దాన్నే. పిస్టన్ రింగులు ఎంత కొత్తవైనా నూటికి నూరుపాళ్లు గాలి ఆపలేవు. ఇంధనం మండినప్పుడు పుట్టే ఒత్తిడికి కొంత వాయువు రింగుల పక్కనుంచి జారి కిందకు, ఆయిల్ ఉండే క్రాంక్ కేసులోకి దిగుతుంది. దాన్ని బ్లో-బై అంటాం. అందులో సగం కాలిన ఇంధనపు ఆవిరి, నీటి ఆవిరి, ఆమ్ల వాయువులు ఉంటాయి. అవి లోపలే ఉండిపోతే ఆయిల్ పాడవుతుంది, సీళ్లు బయటకు తన్నుకొస్తాయి. ఒకప్పటి ఇంజిన్లలో దీన్ని ఒక గొట్టం ద్వారా రోడ్డు మీదకే వదిలేసేవారు. గాలి కలుషితమవుతోందని 1960లలో అమెరికాలో, ముందుగా కాలిఫోర్నియాలో, ఆ వాయువును తిరిగి ఇన్‌టేక్‌లోకే మళ్లించి కాల్చే పద్ధతి తెచ్చారు. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే దాదాపు ప్రతి పెట్రోల్, డీజిల్ కారులోనూ అదే ఏర్పాటు ఉంది. చిక్కు ఎక్కడంటే, ఆ వాయువు క్రాంక్ షాఫ్ట్ చిలికే ఆయిల్ మధ్య నుంచి వస్తుంది గనుక సన్నటి ఆయిల్ తుంపరను తనతో మోసుకొస్తుంది. ఇంజిన్ పైమూత అయిన ట్యాపెట్ కవర్‌లో దాన్ని వడపోసే అరలు ఉంటాయి, కానీ అవి అంతటినీ పట్టలేవు.

కాబట్టి ఎంత ఆయిల్ తుంపర వెళ్తుందన్నది మన చేతిలో ఉన్న కొన్ని విషయాల మీద ఆధారపడుతుంది. అన్నిటికంటే మొదటిది ఆయిల్ మట్టం. సర్వీసులో కొలత చూడకుండా డబ్బా మొత్తం పోసేయడం వల్ల గేజ్ పుల్ల మీద పై గీత దాటి ఆయిల్ ఉన్న కార్లను నేను ప్రతి నెలా చూస్తున్నాను. మట్టం మరీ ఎక్కువైతే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది, నురగ, తుంపర పెరిగి బ్రీదర్ లోకి పోతాయి. రెండవది ఆయిల్ నాణ్యత. ఆయిల్ వేడికి ఎంత ఆవిరవుతుందో తెలుసుకోవడానికి నోయాక్ అనే పరీక్ష ఉంది. 250 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఉంచి ఎంత శాతం బరువు తగ్గిందో చూస్తారు. యూరప్ వారి ఏసీఈఏ సీ3 ప్రమాణం ప్రకారం అది 13 శాతం మించకూడదు. కారు మాన్యువల్‌లో రాసిన ప్రమాణానికి సరిపడని చవక ఆయిల్ పోసినవారు డబ్బాకు రెండు మూడు వందలు మిగుల్చుకుని, ఆ మిగిలినదానికి ఎన్నో రెట్లు వాల్వుల మీద మసి రూపంలో చెల్లిస్తున్నారు. మూడవది ఎయిర్ ఫిల్టర్. దుమ్ము తనంతట తాను కార్బన్‌గా మారదు. అయితే టర్బో ఇంజిన్‌లో ఫిల్టర్ బాగా మూసుకుపోతే టర్బో ముందు పీల్పు పెరిగి బ్రీదర్ నుంచి ఆయిల్‌ను ఇంకా గట్టిగా లాగుతుంది. ఫ్లైఓవర్ల పనులు, అపార్టుమెంట్ల తవ్వకాలు జరిగే వీధుల్లో రోజూ తిరిగే కారుకు ఫిల్టర్ మాన్యువల్‌లో చెప్పినదాని కంటే ముందే మార్చాలి.

ఇక మీ ఏడు కిలోమీటర్ల ప్రయాణం. ఒక లీటరు పెట్రోల్ పూర్తిగా మండితే దాదాపు ఒక లీటరు నీరు ఆవిరి రూపంలో పుడుతుందన్న సంగతి చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ఇంజిన్ పూర్తిగా వేడిగా ఉంటే బ్లో-బైలోని నీరు, పెట్రోల్ ఆవిరి ఆయిల్‌లో నిలవకుండా పోతాయి. చల్లగా ఉంటే అక్కడే చెమ్మగా దిగి ఆయిల్‌తో కలిసి పల్చటి మడ్డిగా మారతాయి. ఉష్ణోగ్రత ముల్లు మధ్యకు రాగానే ఇంజిన్ వేడెక్కిందని మనం అనుకుంటాం, కానీ ఆ ముల్లు చూపేది కూలెంట్ వేడిని. ఆయిల్ వేడెక్కడానికి అంతకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. కొత్తగూడ కూడలి దాటి హైటెక్ సిటీ సిగ్నళ్ల దగ్గర ఆగి ఆగి వెళ్లే మీ ప్రయాణంలో, ఆయిల్ తన పని వేడికి చేరే సమయానికి మీరు ఆఫీసు పార్కింగ్‌లో ఇంజిన్ ఆపేస్తున్నారు. సాయంత్రం మళ్లీ అదే జరుగుతుంది. కాలం లెక్కన నాలుగేళ్లే అయినా ఆ ఇంజిన్ అనుభవించిన చలి స్టార్ట్‌లు రోజూ విజయవాడ వెళ్లొచ్చే ట్యాక్సీ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

మీ పెట్రోల్ కారు మోడల్ రాయలేదు గానీ, పేరులో జీడీఐ, టీజీడీఐ, టీఎస్ఐ వంటి అక్షరాలుంటే అది నేరుగా సిలిండర్‌లోకి పెట్రోల్ చిమ్మే రకం. పాత పద్ధతి ఇంజిన్లలో ఇంజెక్టర్ ఇన్‌టేక్ దారిలోనే ఉండి, మూడు నాలుగు బార్ల ఒత్తిడితో వాల్వు వెనుక పెట్రోల్ చిలకరించేది. పెట్రోల్ ఒక ద్రావకం, పైగా అందులో శుభ్రపరిచే రసాయనాలు కలుపుతారు. అందుచేత ఆ వాల్వు రోజూ స్నానం చేసినట్టు కడిగించుకునేది. కొత్త రకంలో ఇంజెక్టర్ సిలిండర్ లోపలే ఉండి 200 బార్లు, అంతకు మించిన ఒత్తిడితో చిమ్ముతుంది. మైలేజీకి, శక్తికి ఇది మేలే. కానీ ఇన్‌టేక్ వాల్వు వెనుక భాగానికి ఇక పెట్రోల్ తగలదు. బ్రీదర్ తెచ్చిన ఆయిల్ తుంపర 200 నుంచి 300 డిగ్రీల వేడిలో ఉండే ఆ లోహం మీద పడి, పెనం మీద నూనె చుక్క మాడినట్టు మాడి పొర మీద పొర కడుతుంది. దానికి తోడు, ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కొద్దిసేపు ఒకేసారి తెరుచుకుని ఉండే క్షణంలో సిలిండర్‌లోని వేడి వాయువు కొంత వెనక్కి తన్నుతుంది. వాల్వు కాండం చుట్టూ ఉండే రబ్బరు సీళ్లు గట్టిపడితే అక్కడినుంచీ ఆయిల్ కారుతుంది, అయితే 38,000 కిలోమీటర్లకే అది జరిగే అవకాశం తక్కువ. కొన్ని కంపెనీలు ఈ సమస్య తెలిసే ఒక్కో సిలిండర్‌కు రెండు చోట్లా ఇంజెక్టర్లు పెడుతున్నాయి. టొయోటా వారి డీ-4ఎస్ పద్ధతి అటువంటిదే.

దీన్ని బట్టి మీ ఈ20 సందేహానికి సమాధానం దానంతటదే దొరుకుతుంది. వాల్వు వెనుక భాగాన్ని తాకనే తాకని పెట్రోల్, అక్కడ కార్బన్‌కు ప్రధాన కారణం కాలేదు. అదే తర్కంతో, ట్యాంకులో పోసే క్లీనర్ సీసాలు, ఖరీదైన పెట్రోల్ కూడా ఆ వాల్వును శుభ్రం చేయలేవు. ఇంజెక్టర్ మూతికి, పిస్టన్ తలకు అవి కొంత ఉపయోగపడవచ్చు. పాత పద్ధతి ఇంజిన్ అయితే వాల్వుకూ ఉపయోగపడతాయి.

మీ నాన్నగారి డీజిల్ కారు కథ వేరు. పీ0401 అంటే ఈజీఆర్ గుండా వెళ్లాల్సినంత పొగ వెళ్లడం లేదని కంప్యూటర్ చేసే ఫిర్యాదు. మంట ఉష్ణోగ్రత సుమారు 1,400 డిగ్రీలు దాటాక గాలిలోని నైట్రోజన్, ఆక్సిజన్ కలిసి నైట్రోజన్ ఆక్సైడ్‌లు వేగంగా పుడతాయి. కాలిన పొగలో కొంత భాగాన్ని తిరిగి లోపలికి కలిపితే మంట చల్లబడి అవి తగ్గుతాయి. అందుకే ఈజీఆర్ పెట్టారు. దేశంలో 13 నగరాలలో 2010 ఏప్రిల్‌లో బీఎస్4 అనే వాహన కాలుష్య ప్రమాణం అమలైనప్పుడు హైదరాబాద్ వాటిలో ఒకటి. బీఎస్4 డీజిల్ కారుకు నైట్రోజన్ ఆక్సైడ్‌ల పరిమితి కిలోమీటరుకు 0.25 గ్రాములు, 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్6లో అది 0.08 గ్రాములు. పరిమితి బిగిసినకొద్దీ ఈజీఆర్ మీద భారం పెరిగింది.

డీజిల్ పొగలో మసి సహజంగానే ఉంటుంది. ఆ మసి ఒక్కటే అయితే ఎక్కువ భాగం గాలితో పాటు కొట్టుకుపోతుంది. బ్రీదర్ తెచ్చిన ఆయిల్ తుంపర టర్బో, గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ దాటి, సిలిండర్లకు గాలి పంచే మానిఫోల్డ్‌లోకి వచ్చి, ఈజీఆర్ పైపు కలిసే చోట ఈ మసిని ఎదుర్కొంటుంది. జిడ్డు గోడకు అంటుకుంటుంది, మసి జిడ్డుకు అంటుకుంటుంది. అందుకే ఏ డీజిల్ మానిఫోల్డ్ విప్పినా ఈజీఆర్ కలిసే చోటు నుంచే ముద్ద మొదలవుతుంది. మూడు వేళ్లు పట్టే దారి ఒక వేలు పట్టేంతగా పూడిపోయిన మానిఫోల్డులు నా బల్ల మీదకు ఎన్నో వచ్చాయి. పైగా ఈజీఆర్ బాగా తెరుచుకునేది యాక్సిలరేటర్ మీద బరువు తక్కువగా ఉన్నప్పుడే. గట్టిగా తొక్కితే మూసుకుంటుంది. వనస్థలిపురం నుంచి ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్ మీదుగా నెమ్మదిగా పాకుతూ వెళ్లే కారులో అది దాదాపు ప్రయాణమంతా తెరిచే ఉంటుంది.

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం ఇలాంటి డీజిల్ కారు ఒకటి నా దగ్గరకు వస్తే మానిఫోల్డ్ విప్పి, అద్దంలా శుభ్రం చేసి, కొత్త గ్యాస్కెట్లు వేసి ఇచ్చాను. ఎనిమిది నెలల్లో అదే కారు అదే ముద్దతో తిరిగొచ్చింది. రెండోసారి నేను తుడవలేదు, వెతికాను. ఒక ఇంజెక్టర్ కారుతోంది, దానివల్ల పొగలో మసి మామూలు కంటే ఎక్కువగా ఉంది. ఆయిల్ మట్టం పై గీతకు వేలెడు పైన ఉంది. ఆ యజమాని రెండుసార్లు డబ్బు చెల్లించాల్సి రావడం నన్ను చాలాకాలం బాధించింది. మొదటిసారి శుభ్రం చేసినందుకు తీసుకున్న కూలీ ఆయనకు తిరిగి ఇచ్చేశాను, కానీ ఆయన కారు లేకుండా గడిపిన రోజులు తిరిగి ఇవ్వలేకపోయాను.

శుభ్రం చేసే పద్ధతుల గురించి మీరు అడగలేదు గానీ, మీకు ఇద్దరూ ధరలు చెప్పే ఉంటారు కనుక కొంత చెబుతాను. హైడ్రోజన్ యంత్రం పైపు పెట్టి అరగంట, ముప్పావుగంట ఇంజిన్‌ను ఐడిలింగ్‌లో ఉంచే డీకార్బన్ సేవ ఇప్పుడు నగరంలో వీధికొకటి కనిపిస్తోంది. ఆ వాయువు పని చేయాలంటే మండాలి, మంట ఉండేది సిలిండర్ లోపల. ఇన్‌టేక్ దారిలో మంట లేదు. కాబట్టి వాల్వు వెనుక మాడిన పొరకు గానీ, డీజిల్ మానిఫోల్డ్‌లోని తారుకు గానీ అది మందు కాదని నా దృఢమైన అభిప్రాయం. గాలి దారిని తెరిచి మూసే థ్రాటిల్ ముందు ద్రావకం చిమ్మే పద్ధతి పల్చటి జిడ్డుకు పనికొస్తుంది. మందంగా పట్టిన చోట పెళ్లలు ఊడి లోపలికి పడే ప్రమాదం ఉంది, టర్బో ఉన్న ఇంజిన్‌లో నేను దాన్ని చేయను. డీజిల్ మానిఫోల్డ్‌కు విప్పి నానబెట్టి కడగడం తప్ప దగ్గరి దారి లేదు. నేరుగా చిమ్మే పెట్రోల్ ఇంజిన్‌కు, మానిఫోల్డ్ తీసి, ఏ సిలిండర్ వాల్వులు పూర్తిగా మూసుకుని ఉన్నాయో ఆ సిలిండర్‌కు మాత్రమే అక్రోట్ పెంకు పొడిని గాలి ఒత్తిడితో కొట్టి, వెంటనే వాక్యూమ్‌తో పీల్చేయడం ఉత్తమమైన పద్ధతి. పెంకు లోహాన్ని గీయదు, మసిని వదలగొడుతుంది. వాల్వు మూసి ఉందా లేదా అన్నది పని చేసేవాడు లైటు వేసి కళ్లతో చూసుకోవాలి. ఈ ఒక్క జాగ్రత్త తప్పితే పొడి సిలిండర్‌లోకి దిగుతుంది. థ్రాటిల్ బాడీ మాత్రమే అయితే చిన్న పని, కాకపోతే ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకును చేత్తో బలవంతంగా తిప్పకూడదు, శుభ్రమయ్యాక స్కానర్‌తో ఐడిలింగ్‌ను మళ్లీ నేర్పించాలి.

ఈజీఆర్‌కు రేకు అడ్డుపెట్టి మూసేయమని మీ నాన్నగారికి ఎవరైనా సలహా ఇస్తే వినవద్దని మనవి. మసి తగ్గే మాట నిజమే, కానీ ఆ నైట్రోజన్ ఆక్సైడ్‌లు దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడ్డవారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. నా దగ్గర ఆ పని చేయించుకోవాలని వచ్చినవారిని వెనక్కి పంపుతాను.

మీ పెట్రోల్ కారుకు ముందు చేయాల్సింది ఇది. రాత్రంతా సమతలంగా నిలిపి ఉదయం గేజ్ పుల్ల మీద ఆయిల్ మట్టం చూడండి. ఆయిల్ మూత తీసి దాని లోపలివైపు పాల మీగడలాంటి తెల్లటి మడ్డి ఉందేమో చూడండి. ఉంటే చిన్న ప్రయాణాలే కారణమన్నదానికి అది సాక్ష్యం. వణుకు చల్లటి స్టార్ట్‌లో మాత్రమే ఉండి, వేడెక్కాక పూర్తిగా పోతోందంటే వాల్వుల మీద పొరను అనుమానించవచ్చు. కానీ స్పార్క్ ప్లగ్గులు, కాయిల్ చూడకుండా ఆ నిర్ణయానికి రావద్దు, అవి చాలా చవకగా తేలిపోయే కారణాలు. ఆ తర్వాత సన్నటి కెమెరా తీగను ఇన్‌టేక్‌లోకి పంపి వాల్వుల వెనుక భాగం ఫోటో తీయించండి. ఫోటో లేకుండా డబ్బు చెల్లించకండి. ఇకపై ఆయిల్‌ను కిలోమీటర్లు నిండే దాకా ఆగకుండా, ఏడాదికి ఒకసారైనా, వీలైతే ఎనిమిది నెలలకే మార్చించండి. వారానికొకసారి గచ్చిబౌలి దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అరగంటకు పైగా ఆగకుండా నడపండి. మాడిన పొర దానితో ఊడిపోదు, కానీ ఆయిల్‌లో చేరిన నీరు, పెట్రోల్ ఆవిరైపోతాయి, కొత్త పొర కట్టే వేగం తగ్గుతుంది.

మీ నాన్నగారి కారుకు మానిఫోల్డ్, ఈజీఆర్ వాల్వు, దాని కూలర్ మూడూ విప్పించాల్సి రావచ్చు. విప్పే ముందే ఇంజెక్టర్ల లీకేజీ పరీక్ష, టర్బో ఇరుసు వదులై ఊగుతోందా, ఇంటర్‌కూలర్ పైపులో ఆయిల్ ఎంత ఉందన్నది చూడమనండి. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూతను వదులు చేసి చూసినప్పుడు అది ఎగిరెగిరి పడేంతగా గాలి తన్నుతుంటే రింగులు అరిగాయేమో కంప్రెషన్ కొలిపించాలి. అప్పుడు మానిఫోల్డ్ కడిగించడం మీద ఒక్క రూపాయి పెట్టే ముందు ఇంజిన్ సంగతి తేల్చుకోవాలి. విప్పిన రోజు నాన్నగారిని కాకుండా మీరే వెళ్లండి, తుడవక ముందు మానిఫోల్డ్‌లో వేలు పెట్టి చూడండి, ఆ వేలి ఫోటో, పెట్రోల్ కారు వాల్వుల ఫోటో రెండూ నాకు చూపించండి. జిడ్డా, పొడా, తారా అన్నది చూశాక తర్వాతి అడుగు చెబుతాను.